పెట్టెలోంచి సత్తెమ్మ గొంతు

నా చేతి ఉలి మీద ఒట్టు. ఇందులో నేను చేర్చింది ఒక్క ముక్క కూడా లేదు. చేర్చడం నాకు రాదు. వడ్రంగిని. చెక్క ఎంత కావాలో అంతే కోస్తాను. ఈ సంగతి కూడా అంతే... ఎంత జరిగిందో అంతే చెబుతాను. నాకు తెలియని చోట తెలియదనే చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి. మధ్యలో మాత్రం అడ్డు తగలకండి.

పెద్ద యుద్ధం ముగిసిన తర్వాతి ఎండాకాలం అది. శంషాబాద్‌లో ఊరి చివర మా ఇల్లు. ఇంట్లో నేను, నా భార్య సత్తెమ్మ, మా పెద్దమ్మ. సత్తెమ్మకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. ఆమెకు తల్లి లేదు కాబట్టి పురుడు మా ఇంట్లోనే అనుకున్నాం. రాత్రిళ్ళు పెద్దమ్మే ఆమెకు తోడు పడుకునేది.

నేను పనిచేసే కొట్టం మాత్రం ఇంటికి దూరం. మధ్యలో చేలు, ఒక రాళ్ళ దిబ్బ, ఆ అవతల సీతాఫలాల తోట. ఆ తోటలో రేకుల కొట్టం. అక్కడి నుంచి ఎంత గట్టిగా కేకేసినా ఇంటికి వినపడదు. ఈ దూరం సంగతి గుర్తుంచుకోండి.

నాకు ఖాసిం అని ఒక దోస్తు. మా ఊరివాడే. పట్నంలో రేడియోలు బాగుచేసే దుకాణంలో పని. యుద్ధంలో మిగిలిన సామాను అగ్గువకు అమ్ముతుంటే, ఆ కుప్పలోంచి రెండు లౌడ్‌స్పీకర్లు ఏరుకొచ్చాడు. పెట్టెలు లేవు. వెనకాల బరువైన అయస్కాంతం, ముందు గరాటు ఆకారంలో నల్లటి అట్ట కాగితం. అంతే.

"లచ్చన్నా, గిది ఒట్టి గొంతు. దీనికి ఒళ్ళు చెయ్యాలె నువ్వు," అన్నాడు.

"ఒళ్ళెందుకు?"

బ్యాటరీ తెచ్చాడు, పాటలు పెట్టే మిషను తెచ్చాడు, పాట పెట్టి వినిపించాడు. రేకు డబ్బాలో దోమ పాడినట్టుంది. తర్వాత ఒక పలకకు గుండ్రంగా రంధ్రం కోసి ఇమ్మన్నాడు. స్పీకర్‌ను ఆ రంధ్రానికి ఆనించి పట్టుకున్నాడు. అంతే... పాట పాడే మనిషికి ఒక్కసారిగా ఛాతీ వచ్చింది. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ రోజు నుంచి ఆ పనిలో పడ్డాను.

గుట్ట మీది దర్గా ఉర్సు జాతరకు ఆ స్పీకర్లు పెట్టిస్తానని ఖాసిం మాటిచ్చాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకు కిరాయికి ఇవ్వచ్చని మా ఇద్దరి ఆలోచన. ముందు పలకకు టేకు, పక్కలకు మామిడి చెక్క. మూలలు ఒకదాంట్లో ఒకటి దిగేలా కోసి జిగురుతో బిగించాను. మేకు కొడితే కొన్నాళ్ళకు వదులై గరగరమంటుంది. మొదటి పెట్టె తయారయ్యాక వింటే, గొంతు కుండలో తలపెట్టి మాట్లాడినట్టు బొంయ్‌మంటోంది. నేనూ ఖాసిం తలలు పట్టుకున్నాం.

బువ్వ తెచ్చిన సత్తెమ్మ కాసేపు నిలబడి విన్నది.

"లోపల గొంగడి ముక్కలెయ్యిరాదు?" అన్నది.

"గొంగడెందుకే?"

"ఉత్త ఇంట్ల మాట్లాడితే మారు మోగుతది గదా. బట్టలు, బొంతలు ఉంటె మోగదు. గిదీ గంతే."

పాత గొంగడి చింపి లోపలి గోడలకు అంటించాను. బొంయ్‌మనడం పోయింది. ఖాసిం సత్తెమ్మకు దండం పెట్టాడు. "అక్కా, నువ్వే మా ఉస్తాద్," అన్నాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

రెండో పెట్టె కూడా పూర్తయిన రోజున ఖాసిం ఒక తమాషా చూపించాడు. ఒక పెట్టె కొట్టంలో, ఒకటి బయట చెట్టు కింద. మధ్యలో తీగ. బ్యాటరీ లేదు, మిషను లేదు.

"గిండ్ల మాట్లాడితే కాగితం వణుకుతది అన్నా. గా వణుకుడు తీగల పడి పోయి, అవతలి కాగితాన్ని వణికిస్తది. గంతే. జర చెవి పెట్టు."

చెవి పెట్టాను. చెట్టు కింద నుంచి ఖాసిం దగ్గు వినిపించింది. చిన్నగా, కానీ స్పష్టంగా. గోడ అవతల మనిషి ఉన్నట్టు.

నాకు సత్తెమ్మ గుర్తొచ్చింది. నొప్పులు మొదలైతే ఎవరొచ్చి చెప్పాలి నాకు? ఉర్సు దాకా ఈ పెట్టెల్లో ఒకటి మా ఇంట్లో ఉంచుదామన్నాను. ఖాసిం సరేనన్నాడు. పట్నం నుంచి సైన్యం వాళ్ళ పాత తీగ తెచ్చాడు. ఒక్క చుట్ట సరిపోలేదు. మూడు ముక్కలు కలిపి ముడివేశాం. తుమ్మ కొమ్మల మీదుగా, రాళ్ళ దిబ్బ మీదుగా ఇంటి కిటికీ దాకా లాగాం.

పని బాగానే జరిగింది. పొద్దుగూకితే సత్తెమ్మ గొంతు వచ్చేది. "బువ్వకు రా." నేను పెట్టె దగ్గరికి వంగి "వస్తున్న" అనేవాణ్ణి. పెద్దమ్మకు మాత్రం ఆ పెట్టె గిట్టేది కాదు. "మనిషి లేకుండ మాటేందిరా?" అని రాత్రి దాని మీద బట్ట కప్పేది.

ఇక ఆ రోజు.

పగలు మామిడిపల్లి నుంచి కబురొచ్చింది. పెద్దమ్మ ఆడబిడ్డ చనిపోయింది. పెద్దమ్మ ఏడుస్తూ బండెక్కింది. తెల్లారి గానీ రాదు. నేను కొట్టానికి వెళ్ళేముందు సత్తెమ్మకు చెప్పాను. "గడియ పెట్టుకో. ఏదన్నైతే పెట్టెల పిలువు. ఒక్క పలక చిత్రిక పట్టి వచ్చేస్త." ఆ రోజుల్లో దొంగల భయం కూడా ఉండేది. ఆమె తలూపింది.

ఉర్సు కోసం ఖాసిం ఇంకో జత స్పీకర్లు సంపాదించాడు. వాటి పెట్టెలకు పలకలు నునుపు చేస్తున్నాను. చీకటి పడింది. లాంతరు వెలిగించాను. గాలి లేదు. తోటలో ఆకు కదలడం లేదు. సర్... సర్... మని చిత్రిక చప్పుడు. ముక్కు నిండా చెక్క వాసన. నా మనసులో ఏ భయమూ లేదు. ఇంటికెళ్ళి తిని పడుకోవాలని మాత్రం ఉంది.

చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఆపాను.

మూలన ఉన్న పెట్టెలోంచి...

"ఆఁ... పెట్టిన."

సత్తెమ్మ.

నన్ను పిలిచిందనుకున్నాను. లేచాను. కానీ అది పిలుపు కాదు. జవాబు. ఎవరో అడిగితే చెప్పే మాట. కొంచెం ఖాళీ. మళ్ళీ...

"గడియ గూడ పెట్టిన."

నేను అలాగే నిలబడ్డాను. ఎవరైనా పక్కింటామె బయట నుంచి పలకరిస్తోందేమో అనుకున్నాను. ఆ రెండో మనిషి మాట మాత్రం పెట్టెలో రావడం లేదు. ఖాళీ వస్తోంది. అంతసేపు ఎవరో మాట్లాడుతున్నట్టు, ఆమె వింటున్నట్టు. వింటూ మధ్యలో "ఊఁ" అంటోంది.

"లేదు. ఎవ్వరు లేరు. నేనొక్కదాన్నే."

ఒంటరిగా ఉన్నానని ఎవరికి చెబుతోంది?

"పెద్దమ్మ రాదు గదా ఇయ్యాల."

ఖాళీ.

"నొప్పులేం లేవు. నడుము గుంజుతున్నది, గంతే."

ఖాళీ. ఈసారి చాలాసేపు. పెట్టెలో సన్నటి గరగర. తర్వాత సత్తెమ్మ నవ్వింది. చిన్నగా... నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఆమె అలా నవ్వదు.

"రా మరి. జల్దీ రా."

నేను పెట్టె మీద పడ్డంత పని చేశాను. "సత్తే! ఎవరితోటి మాట్లాడుతున్నవ్? సత్తే!"

జవాబు లేదు. గరగర కూడా లేదు. పెట్టె ఒట్టి చెక్కలా ఉంది.

లాంతరు ఒక చేత్తో, చెక్క చెక్కే బాడిస ఇంకో చేత్తో అందుకుని పరుగెత్తాను. దొంగలే అనుకున్నాను. ఎవడో మంచిమాటలు చెప్పి గడియ తీయిస్తున్నాడు... నా బుర్రలో అదొక్కటే. తీగ వెంబడే దారి. లాంతరు వెలుగులో తీగ తల మీద కనిపిస్తూ వస్తోంది. ఒక కొమ్మ... ఇంకో కొమ్మ... రాళ్ళ దిబ్బ దగ్గరికొచ్చాను.

అక్కడ తీగ లేదు.

తుమ్మ కొమ్మ నుంచి ఒక కొస వేలాడుతోంది. రాగి పోగులు బయటికి కనిపిస్తున్నాయి. లాంతరు పైకెత్తి చూశాను. తర్వాతి కొమ్మ ఖాళీ. ఆ తర్వాతిదీ ఖాళీ. దిబ్బ మీద రాళ్ళు, వాటి మీద ఏమీ లేదు. దొంగలు తీగ తెంపుకుపోయారనుకున్నాను. ఇంకా నాలుగడుగులు వేశాను.

అప్పుడు తట్టింది.

తీగ లేకపోతే... నేను విన్నదేమిటి?

కాళ్ళు ఆగిపోయాయి. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చుట్టూ ఏ చప్పుడూ లేదు. నా ఊపిరి నాకు వినిపిస్తోంది. వెనక్కి తిరిగి కొట్టం వైపు చూడాలనిపించలేదు. ముందుకు వెళ్ళాలనీ అనిపించలేదు. చివరికి ఆమె ఒక్కతే ఉందన్న సంగతే నన్ను కదిలించింది.

ఇంటి తలుపు మూసే ఉంది. కొట్టాను.

"ఎవరు?"

"నేనే. తియ్యి."

గడియ తీసింది. చేతిలో దీపం. ముఖంలో ఏ గాబరా లేదు.

"అరె! అప్పుడే వచ్చినవా? గింత జల్దీ?" అన్నది. తర్వాత నా చేతిలో బాడిస చూసింది. "గదేందయ్యా? గట్ల రొప్పుతున్నవేంది?"

"ఎవరొచ్చిండ్రు?"

"ఎవరొస్తరు?"

"ఎవరితోటో మాట్లాడినవు గదా, ఇప్పుడు."

ఆమె నన్ను వింతగా చూసింది. "నీతోటే గదా!"

బాడిస కిందికి దించాను.

"నువ్వే గదా పెట్టెల అడిగినవు. తలుపు పెట్టినవా అన్నవు. పెట్టిన అన్న. గడియ గూడ పెట్టినవా అన్నవు. తోడెవరున్నరు అన్నవు. పెద్దమ్మ ఎప్పుడొస్తది అన్నవు... నొప్పులొస్తున్నయా అన్నవు. అన్నీ తెలిసినయే అడుగుతున్నవేందని నాకు నవ్వొచ్చింది."

"ఇంకా?"

"ఇంకేముంది? మరి రమ్మంటవా, అన్నవు."

"నువ్వేమన్నవు?"

"రమ్మన్న. వస్తున్న అన్నవు. వచ్చినవు."

ఆమె కళ్ళలోకి చూశాను. నిండు చూలాలు. రాత్రి. తోడు ఎవరూ లేరు. ఆమెకు ఏం చెప్పమంటారు నన్ను? "ఊఁ. నేనే," అన్నాను.

గడియ వేశాను. అడ్డంగా రోకలి కూడా పెట్టాను. ఆమె బువ్వ పెట్టింది. తిన్నాను. ఏం తిన్నానో గుర్తు లేదు. ఆమె నడుము నొప్పి అంటూ పక్కకు తిరిగి పడుకుంది. కాసేపటికి నిద్రపోయింది.

దీపం తగ్గించి, నేను కిటికీ కింద పెట్టె దగ్గర కూర్చున్నాను. నేను చేసిన పెట్టే. ప్రతి మూలా నా చేతికి తెలుసు. దాని వెనక నుంచి తీగ కిటికీలోంచి బయటికి పోతోంది. పట్టుకుని మెల్లగా లాగాను. వచ్చింది. ఇంకా లాగాను. ఎక్కడా బిగుసుకోలేదు. వస్తూనే ఉంది... నా కాళ్ళ దగ్గర చుట్టలు పడుతున్నాయి. చివరికి కొస కిటికీ మీద నుంచి జారి నా ఒళ్ళో పడింది.

కొస చేతిలో పట్టుకుని చూస్తున్నాను.

పెట్టెలో చప్పుడైంది.

సర్...

సర్... సర్...

చిత్రిక. కొట్టంలో చెక్క మీద చిత్రిక నడుస్తున్న చప్పుడు. ఆ చప్పుడు ఇంకొకటి అనుకోవడానికి లేదు. నా బతుకంతా విన్నదే. ఎవరో నెమ్మదిగా, తొందర లేకుండా, పలక పొడవునా పడుతున్నారు. చివరికొచ్చాక ఒక్క విసురు. మళ్ళీ మొదటి నుంచి. నేను పట్టేదీ అలాగే.

తీగ కొస నా గుప్పిట్లోనే ఉంది.

చప్పుడు ఆగింది. చెమట తుడుచుకోవడానికి ఆపినట్టు... సరిగ్గా అలా ఆగింది. ఒక దగ్గు. ఆ తర్వాత రేకు తలుపు బండ మీద రాసుకుంటూ కదిలిన చప్పుడు. కొట్టం తలుపు అది. ఇంకే తలుపూ అలా అరవదు.

అంతే. ఆపైన ఏమీ వినపడలేదు.

పెట్టె వెనక ఉన్న ఆ కాస్త తీగ కూడా ఊడదీశాను. బొంత తెచ్చి కప్పాను. బాడిస ఒళ్ళో పెట్టుకుని తలుపుకు ఎదురుగా కూర్చున్నాను. కొట్టం నుంచి ఇంటికి నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. రోజూ నడిచేవాణ్ణే కదా. మనసులోనే నడిచాను. ఇప్పుడు తోట దాటి ఉంటుంది... ఇప్పుడు దిబ్బ... ఇప్పుడు మొదటి చేను... ఇప్పుడు వాకిలి.

పక్కింటి కుక్క ఒక్కసారి మొరిగింది. ఆగిపోయింది.

తలుపు ఎవరూ కొట్టలేదు. ఎవరూ పిలవలేదు. వాకిట్లో ఎవరైనా నిలబడ్డారా అంటే... నేను కిటికీలోంచి చూడలేదు. చూడలేకపోయాను. సత్తెమ్మ నిద్రలో ఒకసారి "ఊఁ" అన్నది. పక్కకు తిరిగింది.

అలాగే తెల్లారింది.

పెద్దమ్మ బండి దిగాక నేను కొట్టానికి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. అయితే రాత్రి పరుగెత్తినప్పుడు నేను దాన్ని మూయలేదు. కాబట్టి అదేమీ సాక్ష్యం కాదు. బల్ల మీద పలక ఉంది. పూర్తిగా నునుపు చేసి ఉంది. నేను సగంలో ఉన్నానా, చివరికొచ్చానా... ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఇప్పటికీ రాదు. లాంతరు మాత్రం నాతో తెచ్చేశాను. చీకట్లో పలక పట్టడం నాకైతే చేతకాదు.

కాసేపటికి ఖాసిం వచ్చాడు. భుజానికి తీగ చుట్ట.

"నిన్న పొద్దుగూకంగ నడిమి ముక్క నేనే తీసుకపోయిన అన్నా. గదొక్కటే మంచిగున్నది. ఉర్సు కాడ గుట్ట మీద కొలిచి చూసుకుందామని. కొట్టం బయట నిలవడి రెండుసార్లు కేకేసిన, నువ్వు పనిల వినలే. ఇంట్ల పెద్దమ్మ ఉన్నది గదా, ఒక్క రాత్రికి ఏమైతది అనుకున్న."

"ఎప్పుడు తీసినవ్?"

"నమాజుకు ముంగట. ఇంకా వెలుతురున్నది. ఎందుకు?"

అంటే నేను లాంతరు వెలిగించేసరికే తీగ లేదు. అతనికి అంతా చెప్పాను. మొదట నవ్వాడు. "పరేషాన్‌ల ఉన్నవు. అక్క మీద ధ్యాస పెట్టుకున్నవు. చెవులు గట్లనే చేస్తయి."

"నేను విన్న మాటలే ఆమె చెప్పింది ఖాసిం. వరుసగా. నేను చెప్పకముందే."

"గాలిల మస్తు మాటలు తిరుగుతుంటయి అన్నా. రేడియో అంటె గదే గదా."

"గాలిల తిరిగితె ఢిల్లీ మాటలు రావాలె. మా ఇంట్ల మాటలెట్ల వస్తయి?"

ఖాసిం లేచి కొట్టంలోని పెట్టె వెనక పలక విప్పాడు. కాగితం చూశాడు, అయస్కాంతం చూశాడు, గొంగడి ముక్కలు తడిమి చూశాడు. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. మళ్ళీ బిగించాడు. బిగించేటప్పుడు అతని పెదవులు కదులుతున్నాయి. ఏదో చదువుకుంటున్నాడు. తీగ మళ్ళీ కలుపుదామా అని అతను అడగలేదు. నేనూ అనలేదు.

ఆ పెట్టెలు ఉర్సులో మోగాయి. గుట్ట కింద దాకా పాట వినిపించింది. జనం మెచ్చుకున్నారు. తర్వాత ఎన్నో పెళ్ళిళ్ళకు వెళ్ళాయి. వాటిల్లో ఎవరూ ఏ వింతా వినలేదు. చివరికి కందుకూరు వాళ్ళెవరో కొనుక్కుపోయారు. ఉర్సు అయిన వారానికి సత్తెమ్మకు సుఖంగా ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఆరోగ్యంగా పెరిగింది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మాకు ఏ కీడూ జరగలేదు. జరిగి ఉంటే దేని మీదో ఒకదాని మీద తోసేసి ఊరుకునేవాణ్ణి.

బిడ్డకు అన్నప్రాశన అయ్యాక, ఒక మధ్యాహ్నం సత్తెమ్మకు నిజం చెప్పాను. ఆ రాత్రి పెట్టెలో నేను ఏమీ అడగలేదని. కొట్టంలో నీ మాటలు వింటూ నిలబడ్డానని. తీగ లేదని.

ఆమె పిల్లను ఊపుతూ విన్నది. భయపడలేదు.

"ఉత్తగనే ఎందుకు భయపెడుతవయ్యా?" అన్నది. "నీ గొంతు నాకు తెల్వదా?"

ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు అడిగాను. ఎప్పుడూ అదే మాట. ఆమె చీకట్లో నా అడుగుల చప్పుడు గుర్తుపడుతుంది, దగ్గు గుర్తుపడుతుంది. ఆమె పొరబడిందని నన్ను నేను నమ్మించుకోవాలని చూశాను. కుదరలేదు. అది నా గొంతే అయి ఉంటుంది. మాట్లాడింది మాత్రం నేను కాదు.